పాత విళ్ళలోని స్నాయువును, జిగురును గుర్తించి భద్రపరచాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

కాకినాడ రేవులో కచిడి చేప లక్షల రూపాయలు పలికిందన్న వార్త మన పత్రికలన్నింటిలోనూ తరచుగా వస్తూ ఉంటుంది. ఆ చేప పొట్టలోని గాలితిత్తిని మందుల తయారీలోనూ, శస్త్రచికిత్సలో కుట్లు వేసే దారాలలోనూ వాడతారని ఆ వార్తలు చెబుతాయి. కచిడికి దగ్గరి బంధువైన 'మిన్యో' అనే చేప గాలితిత్తిని కరిగించి తీసిన జిగురుతో కొరియా దేశంలో ఈనాటికీ సంప్రదాయ విల్లును తయారు చేస్తున్నారన్న సంగతి మాత్రం మన పాఠకులలో ఎక్కువమందికి తెలిసే అవకాశం లేకపోయింది. ఈ విషయాన్ని మీ దృష్టికి తేవడానికి ఒక కారణం ఉంది. మొగలుల కాలం నాటి కొమ్ము విళ్ళు మన మ్యూజియంలలోనూ, కొన్ని పాత కుటుంబాల వద్దనూ ఉన్నాయి. వాటి లోపల ఉన్నది స్నాయువు (పశువు కండను ఎముకకు కలిపి ఉంచే గట్టి పీచు తాడు), కొమ్ము, జిగురు అని గుర్తించకుండా, రంగులు వేసిన చెక్క వస్తువుల మాదిరిగా భద్రపరుస్తున్నందువల్ల అవి మన కళ్ళ ముందే పాడైపోతున్నాయి.

నేను పశువైద్యుడిగా పనిచేసి విరమించినవాణ్ణి. పశువుల స్నాయువులతో పరిచయం వృత్తి వల్ల ఏర్పడింది. వాటితో విల్లు కట్టే పని మీద ఆసక్తి ఆ తరువాత పుట్టింది. కొంతకాలం క్రితం ఒక మ్యూజియంలో అద్దాల బీరువాలో వేలాడదీసిన విల్లును చాలాసేపు చూశాను. దాని మీద బంగారు రంగు పూలు, లతలు చక్కగా నిలిచి ఉన్నాయి. పక్కన పెట్టిన చీటీ మీద 'రంగులద్దిన చెక్క విల్లు' అని రాసి ఉంది. ఒక కొసకు బెత్తెడు కిందుగా పైపూత పగిలి, ఆ పగులులోంచి పీచులాంటి తెల్లని పోగులు పైకి లేచి కనబడుతున్నాయి. అవి స్నాయువు పోగులు. వాటిని అణచి పెట్టడానికి ఎవరో వడ్రంగి పనిలో వాడే తెల్ల జిగురు పూశారు; అది ఆరి, పోగులకూ పైపూతకూ మధ్య గట్టి పెచ్చుగా మారింది. అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం ఏమిటంటే, నారిని తప్పు దిక్కున కట్టారు. అంటే, విల్లును అది వంగకూడని వైపుకు వంచి నిలబెట్టారు. అక్కడి సిబ్బంది శ్రద్ధ లేనివారు కారు. ఆ వస్తువు ఏమిటో వారికి చెప్పినవారు లేరు.

కొమ్ము విల్లులో ప్రధానంగా మూడు పొరలుంటాయి. మధ్యలో సన్నని చెక్క లేదా వెదురు బద్ద ఉంటుంది. విలుకాడి వైపు గేదె కొమ్ము నుంచి కోసి సాపు చేసిన పలకను అతికిస్తారు. లక్ష్యం వైపు జిగురులో తడిపిన స్నాయువు పోగులను పొరలు పొరలుగా పరుస్తారు. విల్లును లాగినప్పుడు లోపలి ముఖం నొక్కుకుపోతుంది, బయటి ముఖం సాగుతుంది. ఆ నొక్కుడును కొమ్ము, ఆ సాగుడును స్నాయువు భరిస్తాయి. చెక్క నూటికి ఒక వంతు సాగేసరికే పగిలే స్థితికి వస్తుంది, కొమ్మూ స్నాయువూ అంతకు మూడు నాలుగు రెట్లు ఓర్చుకుంటాయి. గుర్రం మీద కూర్చున్నవాడు కూడా ఇటూ అటూ తిప్పగలిగేంత పొట్టి విల్లుకు అంత శక్తి రావడానికి కారణం ఇదే. నారి విప్పినప్పుడు ఇటువంటి విల్లు ఎదురు దిక్కుకు ముడుచుకుంటుంది. తుర్కీ విళ్ళలో కొన్ని రెండు కొసలూ దాదాపు కలిసేంత గుండ్రంగా తిరుగుతాయి. ఈ సంగతి తెలియనివారు అది వంగి ఉన్న వైపే నారి కడతారు. పైన చెప్పిన మ్యూజియంలోనే కాదు, ఇతర దేశాలలోనూ ఇటువంటి పొరపాటు జరిగిన సందర్భాలు ఉన్నాయి.

స్నాయువు సంగతి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే విల్లు చేసే పనిలో ఓర్పు ఎక్కువగా కావలసింది అక్కడే. ఎద్దుకైనా గేదెకైనా వెనుక కాలి మడమ నుంచి పైకి, కండలోకి వెళ్ళే స్నాయువు జానెడు పొడవుకు తక్కువ ఉండదు. దాని మీది కొవ్వునూ, పైపొరనూ గీకివేసి నీడలో ఆరబెడితే అది పసుపు రంగులోకి తిరిగి, వెలుతురు లోపలికి చొరబడేలా, గోరు దిగనంత గట్టిగా తయారవుతుంది. దానిని రాతి మీద పెట్టి కొయ్య సుత్తితో కొట్టాలి. ఇనుప సుత్తి అయితే దాని అంచు పోగులను తెంచేస్తుంది. కొట్టగా కొట్టగా పసుపు రంగు పోయి తెల్లబారుతుంది, ఒక కొసన సన్నని చీలికలు కనిపిస్తాయి. ఆ చీలికను పట్టుకొని వేళ్ళతో విడదీస్తూ పోతే స్నాయువు పొడవునా దారపు పోగులుగా విడివడుతుంది. విడివడిన పోగులను దువ్వెనతో దువ్వి, పొట్టివాటిని వేరు చేసి, గోరువెచ్చని సబ్బునీటిలో కడిగి, మిగిలిన జిడ్డు పోగొట్టాలి. జిడ్డు ఏ కాస్త మిగిలినా అక్కడ జిగురు పట్టదు; సంవత్సరం తిరిగేసరికి ఆ చోటనే పొర లేస్తుంది.

తరువాత పోగులను చిన్న గుత్తులుగా చేసి, జిగురులో నానబెట్టి, రెండు వేళ్ళ మధ్య లాగి అదనపు జిగురు పిండి, విల్లు నడిమి భాగం నుంచి కొసల వైపు పరుస్తారు. గోడలో ఇటుకల అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా పేర్చినట్లే, ఒక గుత్తి ముగిసిన చోట పక్క గుత్తి ముగియకుండా చూసుకోవాలి. ఒక పొర పూర్తిగా ఆరిన తరువాతనే రెండవ పొర వేస్తారు. ఆ ఆరడానికి రోజులు చాలవు, వారాలు పడుతుంది. విల్లు మొత్తం స్థిరపడడానికి నెలలు, మంచి తుర్కీ విల్లుకు ఏడాదికి పైగానే పట్టేది.

జిగురు గురించి మన వాళ్ళలో ఒక చిన్నచూపు ఉంది. జిగురు అంటే అతుకు, అతుకు అంటే బలహీనత అనుకుంటారు. కొమ్ము విల్లు విషయంలో ఆ అభిప్రాయం పూర్తిగా తప్పు. స్నాయువులోనూ, చర్మంలోనూ, చేప గాలితిత్తిలోనూ ఉన్నది కొలాజెన్ అనే ఒకే మాంసకృత్తు. దానిని నీటిలో నానబెట్టి వెచ్చచేస్తే కరిగి జిగురు అవుతుంది. అంటే పోగులూ, వాటిని పట్టి ఉంచే జిగురూ ఒకే పదార్థం తాలూకు రెండు రూపాలు. రెండూ కలిసి తడుస్తాయి, కలిసి ఆరతాయి, కలిసి కుంచించుకుపోతాయి. విల్లు తనంత తాను ఎదురు దిక్కుకు ముడుచుకోవడంలో ఆ కుంచింపు వల్ల పుట్టిన లాగుడు పాత్ర చాలా ఉంది. ఎపాక్సీ వంటి కృత్రిమ జిగుర్లు తడి స్నాయువును పట్టుకోలేవు, దానితోపాటు కుంచించుకుపోలేవు.

జిగురు కాచడంలో వేడి మీద అదుపు ముఖ్యం. గాలితిత్తిని ముక్కలు చేసి రాత్రంతా చల్లని నీటిలో నానబెట్టి, మరునాడు ఆ గిన్నెను వేడినీళ్ళ పాత్రలో ఉంచి నిదానంగా కరిగిస్తారు, ఆపైన గుడ్డలో వడగడతారు. నేరుగా మంట మీద ఎన్నడూ పెట్టరు. వేడి సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటి చాలాసేపు ఉంటే జిగురు బలం తగ్గిపోతుంది. అంత వేడి జిగురులో ముంచిన స్నాయువు పోగు చూస్తుండగానే ముడుచుకుపోయి, మళ్ళీ ఎందుకూ పనికిరాదు. అందుకే పని తెలిసినవారు వేలు ముంచి, ఆ వెచ్చదనాన్ని వేలు ఓర్చుకోగలిగితేనే పోగులను ముంచుతారు. చర్మపు జిగురు చల్లబడగానే గడ్డకడుతుంది. చేప జిగురు అంత తొందరపడదు, ఆరిన తరువాత కూడా కొంత మెత్తదనాన్ని నిలుపుకుంటుంది. కొమ్మునూ చెక్కనూ అతికే పనిలో ఆ వ్యవధి ఎంతో అవసరం. ఆ రెండు ముఖాలనూ తుర్కీ పనివారు పళ్ళున్న పనిముట్టుతో గీసి, ఒకదాని మీది మిట్టలు రెండవదాని గాడులలో కూర్చునేలా నిలువు చారలు తీస్తారు. వాటికి పలుచని జిగురును పలుమార్లు పూసి ఆరనిచ్చి, చివరకు వెచ్చచేసి, తాడు చుట్టి బిగిస్తారు. స్నాయువు నుంచి తీసిన జిగురులో చేప జిగురును కలపడం కూడా వారికి తెలుసు.

ఈ జ్ఞానం ఎంత పాతదో చెప్పడానికి చైనాలోని 'కావోగోంగ్ జీ' అనే ప్రాచీన శిల్పగ్రంథం చాలు. క్రీస్తుకు ముందటి ఆ గ్రంథం విల్లుకు ఆరు పదార్థాలను చెబుతుంది. బాణం దూరం పోవడానికి చెక్క, వేగంగా పోవడానికి కొమ్ము, లోతుగా దిగడానికి స్నాయువు, అన్నీ ఏకం కావడానికి జిగురు, గట్టిదనానికి పట్టుదారం, మంచునూ తేమనూ తట్టుకోవడానికి మెరుగు పూత అని వాటి ప్రయోజనాలను వివరిస్తుంది. చలికాలంలో చెక్క చీల్చాలి, వసంతంలో కొమ్ము నానబెట్టాలి, వేసవిలో స్నాయువు సిద్ధం చేయాలి, శరత్తులో మూడింటినీ కలపాలి అని పనికి ఋతువులను కూడా నిర్ణయించింది. జిగురు రకాలలో చేప జిగురును కూడా పేర్కొంది. మన కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆయుధాగారాధ్యక్షుని గురించిన అధ్యాయం తాటి, వెదురు, కర్ర, కొమ్ము విళ్ళను చెప్పి, నారికి పనికివచ్చే పదార్థాలలో స్నాయువును చేర్చింది. కాబట్టి ఈ విద్య మన దేశానికి మొగలులతో మాత్రమే వచ్చిందని అనుకోనక్కరలేదు.

అయితే మన వాతావరణం కొమ్ము విల్లుకు ఎన్నడూ అనుకూలం కాదు. కొలాజెన్ జిగురు గాలిలోని తేమను పీల్చుకొని మెత్తబడుతుంది. వానాకాలంలో స్నాయువు సడలి విల్లు బలం తగ్గిపోతుంది. జిగురు బాగా తడిస్తే పొరలే విడిపోతాయి. భారతదేశంలో పూర్తిగా ఉక్కుతో చేసిన విళ్ళు వాడుకలోకి రావడానికి ఇది ఒక కారణమని ఆయుధ చరిత్ర తెలిసినవారు చెబుతారు. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులు వెదురు బద్దతో విల్లు చేసి, వెదురు పేడునే నారిగా కట్టడం వెనుక కూడా గొప్ప తెలివి ఉంది. జిగురు లేని విల్లును వాన ఏమీ చేయలేదు. 1922లో మొదలైన రంప తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారి చేతుల్లో అటువంటి విళ్ళు కూడా ఉండేవి. ఆ వెదురు విల్లుకూ, దర్బారులకు చేరిన కొమ్ము విల్లుకూ మధ్య ఎక్కువ తక్కువలు నిర్ణయించడం నా ఉద్దేశం కాదు. వెదురు విల్లు విరిగితే మరొకటి చేసుకునేవారు మన అడవుల్లో ఉన్నారు. కొమ్ము విల్లు పాడైతే తిరిగి చేయగలిగినవారు మన ప్రాంతంలో ఎక్కడున్నారో వెతుక్కోవలసిన పరిస్థితి.

ఇతర దేశాలు ఈ పనిని ఎలా నిలబెట్టుకున్నాయో చూడండి. కొరియా ప్రభుత్వం విల్లంబులు చేసే పనివారి నైపుణ్యాన్ని 1971లోనే జాతీయ వారసత్వంగా గుర్తించింది. అక్కడ నేటికీ 145 మీటర్ల దూరంలోని లక్ష్యాన్ని కొమ్ము విల్లుతో కొడుతున్నారు, తేమ తగలకుండా విళ్ళను వెచ్చని పెట్టెలలో దాచుకుంటున్నారు. బీజింగ్‌లోని 'జూ యువాన్ హావ్' అనే పాత కర్మాగారపు విద్యను చైనా 2006లో జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. తుర్కీ సంప్రదాయ విలువిద్యకు 2019లో యునెస్కో గుర్తింపు లభించింది. తుపాకులు వచ్చాక మన దేశంలో విల్లు చేసే వృత్తికి ఆదరణ పోయింది; గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో ఆ వృత్తి పేరును మోస్తున్న కమాన్‌గర్లు గోడల మీద చిత్రాలు వేసే పనికి మారారు.

ఈ నేపథ్యంలో రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు, మ్యూజియం శాఖలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. తమ అధీనంలోని పాత విళ్ళన్నింటినీ ముందుగా పరిశీలించి, వాటిలో స్నాయువూ కొమ్మూ ఉన్నవి ఏవో తేల్చాలి. దీనికి విల్లును కోయనక్కరలేదు. పైపూత రాలిన చోట భూతద్దంతో చూస్తే పోగులు తెలిసిపోతాయి, ఎక్స్‌రే తీస్తే లోపలి అతుకులు కూడా చాలావరకు కనిపిస్తాయి. కొమ్ము విళ్ళకు కట్టిన నారిని వెంటనే విప్పించాలి. అయితే తెలియని చేతులతో ఆ పని చేస్తే విల్లు ఒక్కసారిగా విదిలించుకొని పిడి దగ్గర విరిగే ప్రమాదం ఉంది కాబట్టి, రెండు కొసలనూ పట్టి నిదానంగా వదలాలి. విడిపోయిన పొరలను కృత్రిమ జిగురుతో అతకడం పూర్తిగా మానాలి. చర్మపు జిగురు గానీ చేప జిగురు గానీ వాడితే, రేపు మరింత మంచి పద్ధతి తెలిసినప్పుడు గోరువెచ్చని తేమతో దానిని విప్పి మళ్ళీ అతకవచ్చు. ఎపాక్సీ ఒకసారి గట్టిపడితే పోగులను చింపకుండా తీయడం సాధ్యం కాదు.

తేమ ఎంత హాని చేస్తుందో, అతిగా ఎండిపోవడమూ అంతే హాని చేస్తుంది. బీరువాలో వేడి దీపం పెట్టి రోజంతా వెలిగిస్తే కొమ్ము ఎండి, చెక్క నుంచి ఊడి వస్తుంది. చర్మాన్నీ, కొమ్మునూ, ఎండిన స్నాయువునూ తినే పెంకు పురుగులు మరొక బెడద. పశువుల ఎముకలను, చర్మాలను నమూనాలుగా భద్రపరిచే చోట్ల వాటి బెడద నేను ఎరుగుదును. అవి పైన చిన్న రంధ్రం మాత్రమే కనబడనిచ్చి, లోపల పోగులను పొడిగా మార్చేస్తాయి. బీరువా అడుగున సన్నని పొడి రాలి ఉందేమో నెలకొకసారి చూడడం ఖర్చు లేని పని.

రెండవ విన్నపం, ఈ పనిని మన చేతులతో ఒక్కసారైనా చేసి చూడాలని. పురాతనమైన విల్లును బాగుచేయగలిగే నైపుణ్యం కొత్త విల్లును కట్టినవారికే వస్తుంది. దీనికి కావలసిన ముడిసరుకు మన వద్ద కొరతగా లేదు. చట్టబద్ధమైన కబేళాలలో గేదెల కాళ్ళ స్నాయువులు చాలావరకు వ్యర్థంగా పోతున్నాయి. ముర్రా గేదెల కొమ్ములు చుట్టలు తిరిగి ఉంటాయి కాబట్టి పనికిరావు, పొడవాటి కొమ్ములున్న జాతులవి సేకరించాలి. జింక స్నాయువు మేలైనదని పాత పనివారు మెచ్చుకున్నా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా దాని ఊసు ఎత్తకూడదు, ఎత్తే అవసరమూ లేదు. కచిడి తిత్తి మన కొనుగోలు శక్తికి మించినది. దాని కుటుంబానికే చెందిన చిన్న చేపల తిత్తులు రేవుల్లో తక్కువ ధరకు దొరుకుతాయి, వాటితో ప్రయత్నించవచ్చు.

ఈ ప్రయత్నంలో మొదట పిలవవలసింది తరతరాలుగా పశువుల తోలు తీసి, శుభ్రపరచి, చెప్పులూ డప్పులూ చేసిన కుటుంబాలవారిని. ఏ స్నాయువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, దానిని తెగకుండా ఎలా తీయాలో, ఏ ఎండలో ఎంతసేపు ఉంచాలో వారి చేతులకు తెలిసినంతగా నా వంటి చదువుకున్న పశువైద్యులకు తెలియదు. డప్పుకు తోలు మూసేటప్పుడు చింతగింజల జిగురు ఏ పాకానికి రావాలో తెలిసినవారికి చేప జిగురు పాకం పట్టుకోవడం కష్టం కాదు. వారిని కూలికి పిలిచి పక్కన నిలబెట్టకుండా, గురువులుగా కూర్చోబెట్టి, వారు చెప్పింది వారి పేరుతోనే నమోదు చేయాలి.

మా విజయవాడ విలువిద్యకు పేరు పొందిన ఊరు. ఇక్కడి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణాలు గెలిచినప్పుడు ఊరంతా పండుగ చేసుకున్నాం. నేటి క్రీడాకారుల విళ్ళలో చెక్క లేదా ఫోమ్ బద్దకు ఇరువైపులా కార్బన్, గాజు పోగుల పొరలను అతికిస్తారు. సాగే ముఖానికీ, నొక్కుడు పడే ముఖానికీ దాన్ని ఓర్చుకోగల పొరలు, వాటిని కలిపి ఉంచడానికి మంచి జిగురు అన్న ఆలోచన స్నాయువు, కొమ్ము విళ్ళలో ఉన్నదే. ఇక్కడి శిక్షణ కేంద్రాలలో పిల్లలకు ఒక పూట ఈ సంగతి చూపిస్తే, తమ చేతిలోని విల్లు ఎందుకు అలా పనిచేస్తుందో వారికి అర్థమవుతుంది. పశువైద్య కళాశాలలు స్నాయువులను, మత్స్య కళాశాలలు గాలితిత్తులను ఇవ్వగలిగితే, చలికాలంలో, గాలి పొడిగానూ చల్లగానూ ఉండే మార్గశిరం నుంచి మాఘం వరకు, రాయలసీమలోనో తెలంగాణలోనో ఒక విల్లు కట్టి చూడవచ్చు.

ఇప్పటికిప్పుడు జరగవలసింది మాత్రం విళ్ళ జాబితా. ఏ మ్యూజియంలో ఎన్ని కొమ్ము విళ్ళు ఉన్నాయో, వాటిలో ఎన్నింటికి పొరలు లేచాయో, ఎన్నింటికి నారి కట్టి ఉందో రెండు శాఖలూ వానలు మొదలయ్యేలోగా పరిశీలించి ప్రకటించాలని కోరుతున్నాను. ఇంట్లో ఇటువంటి విల్లు ఉన్న పాఠకులు దానిని ఎండలో పెట్టవద్దని, నూనె గానీ వార్నిష్ గానీ పూయవద్దని, నారి కట్టి చూడాలన్న ముచ్చట పడవద్దని, పొడి నూలుగుడ్డలో వదులుగా చుట్టి, గోడకు తగిలించకుండా చదునైన చోట పడుకోబెట్టి ఉంచమని మనవి.

భవదీయుడు,
విశ్రాంత పశువైద్యుడు,
విజయవాడ